పంటకాలువలోకి చెరువుల నీరు: గోదావరి డెల్టాలో సాగు, మంచినీరు, మన ఆరోగ్యం

శివారు_ఆయకట్టు (నరసాపురం ప్రాంతం)

సభ్యులందరికీ నమస్కారం. దాళ్వా (రబీ వరి) కోతలు ముగింపుకొస్తున్నాయి. కాలువలకు నీరు కట్టేసే రోజు దగ్గర పడుతోంది. మా ఊరి మంచినీళ్ల చెరువు నింపుకోవడానికి ఇక కొద్ది రోజులే మిగిలాయి కనుక ఈ విషయాన్ని ఇప్పుడే చర్చకు పెడుతున్నాను. మా ఊరు పంటకాలువకు శివారున ఉంది. ధవళేశ్వరం దగ్గర బయలుదేరిన గోదావరి నీరు మా దాకా వచ్చేలోపు ఎన్నో ఊళ్ల పొలాలను, చేపల చెరువులను, రొయ్యల చెరువులను దాటుకొని వస్తుంది. ఆ నీరే మా వరికి, ఆ నీరే మా గేదెలకు, ఇసుక ఫిల్టరు దాటాక ఆ నీరే మా బిందెల్లోకి.

ఎగువన ఎవరైనా పట్టుబడి చేసి (చేపో రొయ్యో పట్టేసి) చెరువు ఖాళీ చేస్తే ఆ రోజే మా బోదెలో (పిల్లకాలువలో) తెలిసిపోతుంది. మొదట నీరు ముదురు ఆకుపచ్చ రంగుకు తిరుగుతుంది. తరువాత గట్టు అంచుల్లో తెల్లటి నురగ తెట్టు కడుతుంది. చివరికి చెరువు అడుగున పేరుకున్న నల్లటి బురద కొట్టుకొచ్చి కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది. ఆ నీరు పెట్టిన మడిలో వరి ఆకుల కొనలు ముందు తెల్లబడి, తరువాత చుట్టుకొని ఎండిపోతాయి, పిలకలు రావు. మా పొలం పక్కన చెరువు తవ్విన తరువాత, గట్టుకు ఆనుకొని ఉన్న మడిలో వేసవి వచ్చేసరికి చౌడు పేరుకొని నేల తెల్లగా కనిపిస్తోంది.

చెరువులు ఉండకూడదని వాదించడానికి నేను ఇది రాయడం లేదు. ఈ నీటిలో నిజంగా ఏమేమి ఉంటాయి, అవి తాగేవాళ్లకు ఎంత హాని చేస్తాయి, ఆ హానిలో చెరువుల వాటా ఎంత, మా వరి వాటా ఎంత, ఊళ్ల మురుగు వాటా ఎంత అన్నది తెలిసినవారు చెప్పాలని కోరుతున్నాను. ఊళ్లో ఎవరికి ఏ జబ్బు వచ్చినా నీటి వల్లనే అంటున్నారు. అధికారులను అడిగితే నీరు బాగానే ఉందంటున్నారు. ఈ రెండు మాటలతోనూ మాకు ఒరిగేది లేదు.

ఇసుక_ఫిల్టరు (విశ్రాంత ఉద్యోగి, గ్రామీణ నీటి సరఫరా)

శివారు గారూ, మంచినీళ్ల చెరువుల మీదే నా ఉద్యోగమంతా గడిచింది కాబట్టి అక్కడి నుంచి మొదలుపెడతాను. మన డెల్టాలో చాలా ఊళ్లకు భూగర్భజలం పనికిరాదు. అందుకే కాలువ నీటిని పెద్ద చెరువులో నిల్వ చేసి, వేసవిలో కాలువలు మూసి ఉన్న రోజులంతా ఆ నిల్వనే ఇసుక ఫిల్టర్ల మీదుగా పంపి, క్లోరిన్ కలిపి ఇస్తారు. ఏప్రిల్‌లో కాలువ కట్టేముందు ఏ నీరు చెరువులోకి వస్తుందో ఊరంతా జూన్ దాకా ఆ నీరే తాగుతుంది. ఏడాదిలో తక్కిన రోజుల కన్నా ఆ నింపుకునే రోజులకే ఎక్కువ విలువ ఇవ్వాలని నేను అనడానికి కారణం ఇదే.

ఇసుక ఫిల్టరు ఏమి చేస్తుంది, ఏమి చేయలేదు అన్నది జనానికి ఎవరూ చెప్పరు. ఇసుక పైపొరలో సూక్ష్మజీవులు పెరిగి ఒక జిగురు పొర ఏర్పడుతుంది. బురదను, రోగక్రిములను ఆపేది ముఖ్యంగా ఆ పొరే. నీటిలో కరిగిపోయిన ఉప్పును, నైట్రేటును అది ఆపలేదు. పురుగుమందుల్లోనూ చాలావాటిని పూర్తిగా ఆపదు. చెరువుల నీరు కలిసిన కాలువ నీటిలో ఎరువు సత్తువ ఎక్కువ కనుక నిల్వలో నాచు విపరీతంగా పెరుగుతుంది. ఆ నాచు ఇసుకను మూసేస్తుంది, నీరు దిగదు, సిబ్బంది పైపొరను గీకి తీసేస్తారు. కొత్త పొర మళ్లీ తయారవడానికి రోజులు పడుతుంది. ఈలోగా దిగే నీటిలో క్రిములు ఎక్కువగా ఉంటాయి. మామూలుగా అప్పుడప్పుడు గీకవలసిన ఇసుక పడకను వేసవిలో వెంటవెంటనే గీకవలసి వస్తే, ఫిల్టరు పేరుకే ఉన్నట్టు లెక్క.

ఇక క్లోరిన్ సంగతి. నీటిలో సేంద్రియ పదార్థం, అమ్మోనియా ఎక్కువగా ఉంటే మనం వేసిన క్లోరిన్ వాటితోనే ఖర్చయిపోతుంది. తాగునీటి ప్రమాణాల ప్రకారం కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. ట్యాంకు పక్కన పరీక్ష చేస్తే మిగులు కనిపిస్తుంది, చివరి వీధిలో చేస్తే తరచుగా ఏమీ కనిపించదు. విరేచనాలు ముందుగా ఆ చివరి వీధిలోనే మొదలవుతాయి. అధికారి ‘నీరు బాగానే ఉంది’ అంటే, నమూనా ఎక్కడ పట్టారని అడగండి.

చెరువుగట్టు (ఉండి ప్రాంతం)

శివారు గారూ, మీరు చెప్పిన నీరు నేనూ చూశాను. అది అబద్ధమని అనను. అయితే మా వైపు మాట కూడా వినండి. మా కుటుంబం తరతరాలుగా వరి పండించింది. మాది పల్లపు భూమి, ఎనమదుర్రు డ్రెయిను పక్కన. సార్వా (ఖరీఫ్ వరి) కోత దశలో ఉండగా తుపాను వస్తే చాలు, గుర్రపుడెక్కతో నిండిన డ్రెయినులో నీరు దిగక పంట నీళ్లలోనే మొలకెత్తేది. 2011లో కోనసీమ రైతులు సార్వాకు పంట విరామం ప్రకటించినప్పుడు దేశమంతా ఆశ్చర్యపోయింది కానీ మాకు ఆశ్చర్యం కలగలేదు. మురుగు దిగదు, కూలి గిట్టదు, ధర రాదు. అటువంటి భూమిని చెరువు చేస్తే తప్పెలా అవుతుంది?

రెండో విషయం. నీరు చెడితే ముందు నష్టపోయేది మేమే. 1990ల మధ్యలో తెల్లమచ్చ వైరస్ టైగర్ రొయ్యను తుడిచిపెట్టింది. 2009లో వనామీ రకం రొయ్యకు అనుమతి వచ్చాక మళ్లీ కోలుకున్నాము గానీ ఆ వైరస్ భయం పోలేదు. పక్క చెరువులో రొయ్య తెల్లమచ్చతో చనిపోతే అతను ఆ నీటిని రాత్రికి రాత్రి బోదెలోకి వదులుతాడు, తెల్లవారి నేను అదే బోదెలో మోటారు పెడతాను. నీరు తోడుకొని బ్లీచింగ్ వేసి, ఆగి, అప్పుడు పిల్ల వదులుతున్నామంటే ఆ నీటిని నమ్మలేకనే కదా.

వదలడానికి మాకు వేరే దారి లేకపోవడమే అసలు చిక్కు. మా చెరువుకు మురుగు కాలువతో సంబంధం లేదు. మధ్యలో ఇతరుల పొలాలున్నాయి, ఎవరూ బోదె తవ్వనివ్వరు. అందుకని నీరు తీసుకునే బోదెలోకే వదులుతున్నాము. పట్టణాల మురుగు మాటేమిటి? భీమవరం మొదలుకొని ప్రతి ఊరి మురుగూ ఆ నీళ్లలోనే కదా కలుస్తోంది?

నేల_నీరు (భూగర్భజల శాస్త్రం)

నీరు తీసుకునే బోదెలోకే వదులుతున్నామని చెరువుగట్టు గారు చెప్పిన మాటలోనే ఈ డెల్టా అసలు చిక్కు దాగి ఉంది. 1847లో మొదలై 1852లో పూర్తయిన కాటన్ ఆనకట్ట కింద కాలువలను మెరక మీద నడిపారు, మురుగును పల్లంలో సముద్రం వైపు పంపారు. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు కలిపి సుమారు 10 లక్షల ఎకరాలు ఈ పద్ధతి మీదే బతుకుతున్నాయి. మంచినీరు పైనుంచి వస్తుంది, వాడిన నీరు కిందనుంచి పోతుంది, రెండూ కలవవు. వరి సాగులో ఇది చాలావరకు నిలిచింది. చెరువు వచ్చాక తీసుకునే చోటే వదలడం మొదలైంది. నా దృష్టిలో ఏ పంట వేయాలన్న వాదం కన్నా ఇదే ముందు ప్రశ్న.

భూగర్భజలం విషయంలో మాత్రం తొందరపడి ఎవరినీ నిందించవద్దని కోరుతున్నాను. మన డెల్టా సముద్రం వెనక్కి తగ్గుతూ ఏర్పరచిన నేల. చాలా చోట్ల బంకమట్టి పొరల కింద ఆనాటి సముద్రపు ఉప్పునీరు ఇంకా అలాగే నిలిచి ఉంది. చెరువులు రాకముందు కూడా అనేక ఊళ్లలో బోరు వేస్తే ఉప్పునీరే పడేది. తీరం వెంబడి ఇసుక దిబ్బల కింద మాత్రం వాన నీరు ఇంకి, ఉప్పునీటి మీద తేలుతూ ఒక పలుచని మంచినీటి పొర ఉంటుంది. స్థూలంగా సూత్రం ఇది: మంచినీటి మట్టం సముద్రమట్టానికి ఒక అడుగు పైన ఉంటే, సముద్రమట్టానికి దిగువన సుమారు 40 అడుగుల దాకా మంచినీరు నిలుస్తుంది. పైన ఒక అడుగు తోడేస్తే కింద 40 అడుగుల ఆసరా పోతుందన్నమాట. మోటారు పెట్టి ఒక్కచోటే గట్టిగా తోడినప్పుడు ఉప్పునీరు కింద నుంచి ఉబికి వస్తుంది.

కాబట్టి మీ బావి ఉప్పు ఎక్కడిదో తెలుసుకోవడానికి ఒక దారి ఉంది. పై నీరు, లోతు నీరు విడివిడిగా పరీక్షించాలి. ఉప్పు లోతు నుంచి పెరుగుతుంటే కారణం తోడకమో, పాత సముద్రపు నీరో అయి ఉండవచ్చు. పైపొర ముందు ఉప్పగిల్లి, చెరువుకు దగ్గరి బావిలో ఎక్కువగానూ దూరపు బావిలో తక్కువగానూ ఉంటే చెరువు ఊట మీద అనుమానం బలపడుతుంది. వనామీ చాలా తక్కువ ఉప్పులోనూ బతుకుతుంది కనుకనే తీరానికి దూరంగా ఉన్న ఊళ్లకూ వచ్చింది. అయినా ఆ కొద్దిపాటి ఉప్పు కోసం బోరులోని ఉప్పునీటిని పైకి తోడి పంట భూముల మధ్య నిలబెట్టడం నాకు అన్నింటికన్నా ఆందోళన కలిగించే పని. భూమి దాచుకున్న ఉప్పును మనమే మెరక మీదికి తెస్తున్నాము.

వరి_సాగు (వ్యవసాయ విస్తరణ)

చెరువుల మీద వేలు చూపేముందు మా పంట లెక్క కూడా చెప్పాలి. ముందుగా నత్రజని. బాగా దమ్ము చేసి నీరు నిలిపిన వరి మడిలో నైట్రేటు ఎక్కువకాలం నిలవదు. గాలి ఆడని బురదలో సూక్ష్మజీవులు దాన్ని వాయువుగా మార్చేస్తాయి. యూరియాలో పెద్దభాగం అమ్మోనియాగా గాలిలోకి పోతుంది. ఊరి బావుల్లో నైట్రేటు ఎక్కువగా కనిపిస్తే ముందు పెంటకుప్పలను, మరుగుదొడ్ల గుంతలను చూడమని అంటాను. నైట్రేటు హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు, దానికి సడలింపు లేదు.

చెరువు నత్రజని లెక్క వేరు. టన్ను రొయ్యకు దాదాపు టన్నున్నర మేత పడుతుందనుకోండి. అందులో మాంసకృత్తులు 35 శాతం అనుకుంటే 80 కిలోలకు పైగా నత్రజని చెరువులోకి వెళ్తుంది. రొయ్య ఒంట్లో చేరి బయటకు వచ్చేది అందులో మూడోవంతు అటూఇటూ. తక్కిన 50 కిలోల పైచిలుకు నీటిలోనూ బురదలోనూ మిగులుతుంది. 45 కిలోల యూరియా బస్తాలో ఉండే నత్రజని 20.7 కిలోలు. అంటే ప్రతి టన్ను పట్టుబడికీ రెండున్నర బస్తాల యూరియా అంత సత్తువ మిగిలిపోతున్నట్టు. ఇసుక_ఫిల్టరు గారు చెప్పిన నాచు ఈ సత్తువ తినే పెరుగుతోంది.

ఇప్పుడు మా తప్పు. గుళికలు చల్లి, మందు కొట్టి, వాన వస్తుందనో ఎరువు వేయాలనో మడి తూము తెరిచి నీరు వదలడం మన దగ్గర మామూలు అలవాటు. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపింది. ఫోరేటు గుళికల మీద 2020 చివరినుంచి నిషేధం ఉంది. అయినా మందు వేసిన మడిలో కనీసం కొన్ని రోజులు నీరు కదపకుండా ఉంచాలన్న మాటను పాటించేవాళ్లు తక్కువ. రెండోది నీటి వాడకం. దాళ్వాలో గోదావరి ప్రవాహం పడిపోయి ఎగువన సీలేరు జలాశయాల నుంచి వదిలే నీటి కోసం ఎదురుచూస్తాము. ఆ సమయంలో కాలువ మొదట్లో ఉన్నవారు మడి నిండా నీరు నిలబెడితే శివారుకు నీరు చాలదు. పైనుంచి తోసే నీరు తగ్గినప్పుడు పోటు వేళ సముద్రపు నీరు డ్రెయినుల వెంట పైకి ఎక్కుతుంది. నేల ఉప్పు మీటరుకు 3 డెసీసీమెన్సులు (విద్యుత్ వాహకతను బట్టి ఉప్పును కొలిచే ప్రమాణం) దాటాక, ఆపైన పెరిగే ప్రతి ఒక్కదానికీ వరి దిగుబడి సుమారు 12 శాతం చొప్పున పడిపోతుంది. ఆరుతడి పద్ధతిలో మడిని మధ్యమధ్య ఆరనిచ్చి నీరు పెడితే దిగుబడి పోకుండానే నీరు కలిసివస్తుంది. 1925 నుంచి మార్టేరు పరిశోధన స్థానం ఇక్కడే ఉంది, 1982లో స్వర్ణ రకాన్ని ఇచ్చిందీ వారే. శాస్త్రం మన వాకిట్లోనే ఉన్నా దాన్ని ఎగువ రైతు పాటిస్తే గాని దిగువ రైతుకు ఫలితం అందదు.

కోనసీమ_మెరక (అమలాపురం ప్రాంతం)

లెక్కలు చదివాను, బాగున్నాయి. ఇంట్లో నీళ్లు తెచ్చుకునేది ఆడవాళ్లం కనుక రెండు మాటలు చెప్తాను. మా మెరక మీద నా చిన్నతనంలో ఏ దొడ్లో తవ్వినా తియ్యటి నీళ్లు. ఉప్పలగుప్తం, కాట్రేనికోన వైపు చెరువులు పెరిగిన తరువాత మా బంధువుల ఇళ్లలో బావి నీళ్లతో పప్పు ఉడకడం మానేసింది. ఇప్పుడు అందరూ ఇరవై లీటర్ల టిన్నులు కొంటున్నారు.

టిన్ను కొనగలిగినవాళ్లు తాగడానికి కొంటారు, వంటకు, పిల్లల స్నానానికి బావే. కొనలేనివాళ్లు తాగడానికీ బావే. ఆ టిన్నులు నింపే ప్లాంటు కూడా బోరు నీటినే తోడుతుంది, వడకట్టగా మిగిలిన మరింత ఉప్పటి నీటిని పక్క గుంటలోకే వదులుతుంది. చెరువుల్లో కూలికి వెళ్లే ఆడవాళ్లకు మోకాళ్ల దాకా దురదలు, పుండ్లు. ఇవన్నీ నీటి వల్లనేనా అని డాక్టరు గారు ఎవరైనా ఉంటే నిక్కచ్చిగా చెప్పండి. మాకు ధైర్యం చెప్పడం కోసం తక్కువ చేసి చెప్పవద్దు.

వైద్యం_ఊరు (ప్రభుత్వ వైద్యుడు)

కోనసీమ గారూ, మీరు అడిగినట్టే నిక్కచ్చిగా చెప్పే ప్రయత్నం చేస్తాను. కొన్ని జబ్బులకూ నీటికీ ఉన్న సంబంధం సందేహం లేనిది. విరేచనాలు, టైఫాయిడ్, కామెర్లలో ఎ, ఇ రకాలు తాగునీటిలో మలం కలవడం వల్ల వస్తాయి. వీటికి మూలం చెరువు కన్నా ఎక్కువగా మనిషి మురుగే. అయితే చెరువుల నీరు ఫిల్టరునూ క్లోరిన్‌నూ బలహీనపరిస్తే ఆ మురుగు మనదాకా చేరడానికి దారి సుగమం అవుతుంది. ఈ గొలుసు నాకు కొత్తగా తెలిసింది, ఇసుక_ఫిల్టరు గారికి కృతజ్ఞతలు. గోదావరి జిల్లాలను చాలాకాలం పీడించిన బోదకాలు కూడా మురికిగా నిలిచిన నీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ వల్లనే. గుర్రపుడెక్కతో కదలకుండా నిలిచిన డ్రెయిను ఆ దోమకు నిలయం. నీటిలో గంటల తరబడి నిలబడే కూలీలకు చర్మవ్యాధులు సహజంగానే వస్తాయి, పుండ్లున్న కాళ్లతో చెరువు బురదలో దిగడం ప్రమాదకరం.

ఉప్పు విషయాన్ని మనం తగినంత పట్టించుకోవడం లేదు. పెద్దవారు రోజుకు 2 గ్రాముల లోపే సోడియం తీసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. నీటిలో లీటరుకు 500 మిల్లీగ్రాముల సోడియం ఉంటే, ఎండలో పనిచేసే మనిషి 4 లీటర్లు తాగేసరికి పచ్చడి ముట్టకముందే ఆ హద్దు చేరిపోతాడు. బంగ్లాదేశ్‌లోని ఖుల్నా తీరంలో గర్భిణుల మీద జరిగిన అధ్యయనాల్లో ఉప్పునీరు తాగేవారిలో రక్తపోటు, గుర్రపువాతం (రక్తపోటు పెరిగి గర్భిణులకు వచ్చే మూర్ఛ జబ్బు) ఎక్కువగా కనిపించాయి. మన తీరమూ ఆ తీరం వంటిదే. గర్భిణులకు రక్తపోటు చూసేటప్పుడు ఏ నీరు తాగుతున్నారని అడగడం నేను అలవాటు చేసుకున్నాను.

యాంటీబయాటిక్‌ల సంగతి: క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్‌ల వాడకం ఆక్వాలో నిషిద్ధం. ఎగుమతి సరుకును పరీక్షిస్తారు, పట్టుబడితే వెనక్కి పంపుతారు. చెరువు వదిలిన నీటిని మాత్రం ఎవరూ ఆ విధంగా పరీక్షించరు. మందు కలిసిన బురదలో మందులకు లొంగని క్రిములు పెరుగుతాయి, అవి పొలం గట్టు దగ్గర ఆగిపోవు. ఈ విషయంలో నా భయాన్ని దాచుకోను.

ఇక తెలియనివి. మూత్రపిండాల జబ్బులు, క్యాన్సర్లు పలానా చెరువు వల్లే వచ్చాయని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు. శ్రీకాకుళం ఉద్దానంలో కిడ్నీ జబ్బు మీద ఎన్నో ఏళ్లుగా పరిశోధన సాగుతున్నా కారణం ఇంకా తేలలేదు. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయినప్పుడు రక్త నమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయి, పురుగుమందుల మీద కూడా అనుమానాలు వచ్చాయి. అంత పెద్ద సంఘటనలోనే మూలం ఇదని వేలెత్తి చూపడం కష్టమైందంటే, ముందునుంచీ నీటి లెక్కలు రాసి ఉంచుకోకపోవడం మనకు ఎంత నష్టమో ఆలోచించండి. జబ్బు వచ్చాక పట్టిన నమూనా ఆ రోజు సంగతే చెబుతుంది, అంతకుముందు ఏమి జరిగిందో చెప్పలేదు.

కొల్లేటి_అంచు

మా సంగతి కొంచెం వేరు కనుక క్లుప్తంగా రాస్తాను. కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లం. బుడమేరు, తమ్మిలేరుతో పాటు ఎన్నో డ్రెయిన్ల నీరు ఇందులోకే వస్తుంది, పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. 1999లో 5వ కాంటూరు (సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తు గీత) వరకు అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది, 2005–06లో చెరువుల గట్లు పగలగొట్టారు. సరస్సు నిండుగా ఉన్నన్నాళ్లు ఉప్పుటేరులో సముద్రపు పోటును వెనక్కి నెట్టేది. ఇప్పుడు వేసవిలో ఆ నెట్టే నీరు లేదు, ఉప్పు పైకి ఎక్కుతోంది. పైనుంచి మీరంతా డ్రెయినులోకి వదలడమే పరిష్కారమని చెప్పుకుంటున్నారు. ఆ డ్రెయిను చివర కూడా మనుషులున్నారని గుర్తుపెట్టుకోండి.

గ్రామసభ (పంచాయతీ మాజీ సభ్యుడు)

కొల్లేటి గారి మాట న్యాయమైనది. డ్రెయినులోకి మళ్లించడం ఒక్కటే చాలదు, మళ్లించే ముందు నీరు తేరుకోవాలి. చట్టం ఏమంటుందో చెప్తాను. తీరప్రాంత రొయ్యల చెరువుల మీద 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది; పంట భూములను రొయ్యల చెరువులుగా మార్చకూడదని అందులో స్పష్టంగా ఉంది. ఆ తరువాత 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ ప్రాధికార సంస్థ చట్టం వచ్చింది. దాని తొలి మార్గదర్శకాల్లో 5 హెక్టార్లు, ఆపై ఉన్న చెరువులకు వాడిన నీటిని శుద్ధిచేసే ఏర్పాటు తప్పనిసరి చేశారు. తీరానికి దూరంగా ఉన్న చెరువుల కోసం రాష్ట్రంలో 2020లో వేరే చట్టం చేశారు. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా బోరు వేయకూడదు.

ఈ చట్టాలు చిన్న చెరువును చిన్నదిగానే చూస్తాయి. మా ఊళ్లో ఒక్కొక్కరిది రెండెకరాలో మూడెకరాలో ఉంటుంది. ఒకే బోదె మీద అటువంటివి వరుసగా ఉంటే అవన్నీ కలిపి ఒక పెద్ద కంపెనీ చెరువంత నీటిని వదులుతాయి, శుద్ధి బాధ్యత మాత్రం ఆచరణలో ఒక్కరి మీదా పడదు. చిన్న రైతును విడిగా శిక్షించమని నేను అడగను. బోదెను ఒక యూనిట్‌గా తీసుకొని, దాని మీద ఉన్న రైతులందరికీ కలిపి ఒక తేర్పు చెరువు (బురద అడుగుకు దిగి నీరు తేరుకునే చెరువు), అక్కడినుంచి డ్రెయినుకు ఒక దారి ఉండాలి. ఆ భూమికి పరిహారం ప్రభుత్వమూ రైతులూ పంచుకోవాలి. దీనికి ఏళ్లు పడుతుంది. ఈ ఏడాదికి నేను కోరేది ఒక్కటే: మంచినీళ్ల చెరువులు నింపుకునే రోజుల్లో ఆ కాలువ మీద ఎవరూ చెరువు ఖాళీ చేయకూడదని గ్రామసభల్లో తీర్మానం చేయడం.

చెరువుగట్టు (ఉండి ప్రాంతం)

గ్రామసభ గారూ, పట్టుబడి తేదీ మా చేతిలో ఉండదు. కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) వచ్చినా రాకపోయినా, వ్యాధి కనిపిస్తే ఆ రోజే పట్టాలి, ధర పడిపోతుందంటే ఆ రోజే పట్టాలి. కౌలు రైతు అప్పు మీద నడుస్తున్నాడు, ఆగమంటే ఆగలేడు. కానీ పట్టడం వేరు, వదలడం వేరు. రొయ్య పట్టాక నీటిని చెరువులోనే ఉంచవచ్చు. పైనున్న నీరు కొంత మెరుగ్గానే ఉంటుంది. చివరి అడుగు నీటిలోనే బురదంతా ఉంటుంది, మీ బోదెలో వాసన వేసేది అదే. ఆ చివరి నీటిని వదలకుండా ఆపి, తేరనిచ్చి, మిగిలిన బురదను ఎండబెట్టి గట్టుకు ఎత్తితే చాలావరకు తగ్గుతుంది. ఎలాగూ వేసవిలో చెరువును ఎండగట్టుకుంటాము. వ్యాధి వచ్చిన చెరువైతే బ్లీచింగ్ వేసి ఉంచి, క్లోరిన్ పోయాక మాత్రమే వదలాలి. అది మా చెరువుల క్షేమానికే అవసరం.

శివారు_ఆయకట్టు (నరసాపురం ప్రాంతం)

ఈ మాట మీ నోట రావడం సంతోషంగా ఉంది. మా ఊరిలో నీటి సంఘం వారితో మాట్లాడతాను. వరి రైతులు కూడా ఆ రోజుల్లో మందు కొట్టిన మడి నీరు వదలకూడదని అదే తీర్మానంలో చేర్చమంటాను, లేకపోతే అది ఒక వైపు తీర్మానమే అవుతుంది. పరీక్షలు మేమే మొదలుపెట్టుకోవాలంటే ఏమి కావాలో, ఎక్కడ నీరు పట్టాలో చెప్పగలరా?

ఇసుక_ఫిల్టరు (విశ్రాంత ఉద్యోగి, గ్రామీణ నీటి సరఫరా)

మొదటిది ఉప్పు కొలిచే చేతి మీటరు. ఖరీదు తక్కువ, బడిపిల్లలు కూడా వాడగలరు. కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దిక్కు లేనప్పుడు 2000 దాకా ఒప్పుకుంటారు. రెండోది క్లోరిన్ పరీక్ష కిట్టు, పంచాయతీ దగ్గర ఉంటుంది. చివరి వీధి కుళాయి దగ్గర వాడమనండి. నీరు మూడు చోట్ల పట్టాలి: ఊరిలోకి రాకముందు కాలువలో, మంచినీళ్ల చెరువు తూము దగ్గర, చివరి కుళాయిలో. మూడూ ఒకే రోజు, ఒకే పూట పట్టండి. తేదీ, సమయం, ఎగువన చెరువు వదిలారా లేదా అన్నది పుస్తకంలో రాయండి. నైట్రేటు, అమ్మోనియా, పురుగుమందులకు ప్రయోగశాలకు పంపాలి. పురుగుమందుల నమూనాను ప్లాస్టిక్ సీసాలో పట్టకండి, ప్రయోగశాల ఇచ్చే గాజు సీసాలో పట్టి మంచుపెట్టెలో పంపండి. చెరువు నింపడం మొదలయ్యే ముందు ఒకసారి, నింపుతుండగా ఒకసారి, కాలువ కట్టేశాక నిల్వలో ఒకసారి చేస్తే ఈ ఏడాదికి ఆధారం దొరుకుతుంది.

వైద్యం_ఊరు (ప్రభుత్వ వైద్యుడు)

ఆ పుస్తకంలోనే ఆశా కార్యకర్త చేత వారం వారం విరేచనాల కేసులు, గర్భిణుల రక్తపోటు రాయించండి. పేర్లు వద్దు, వీధి చాలు. రెండు లెక్కలూ పక్కపక్కన ఉంటే వచ్చే ఏడాది నేను ఇంతకన్నా నిక్కచ్చిగా జవాబు చెప్పగలను.

చెరువుగట్టు (ఉండి ప్రాంతం)

శివారు గారూ, మీ ఊరి చెరువు నింపడం ఏ రోజున మొదలుపెడతారో, ఎన్ని రోజులు పడుతుందో ఇక్కడ రాయండి. మా బోదె మీద తూములున్నవాళ్లందరితో ముందుగా మాట్లాడతాను. ఇద్దరు ముగ్గురి పట్టుబడి ఆ రోజుల్లోనే పడేలా ఉంది, వారి చివరి నీటిని ఆపే ఏర్పాటుకు గట్టు ఎత్తు చేయవలసి వస్తుంది.